చెయ్యి గేటు బయట, సప్పుడు స్టేజి మీద
వాడ ముచ్చట్లు – 23



పోయిన వేసంగిల మా ఊళ్లె పెద్దకులపోళ్ల ఇంట్ల పెండ్లి అయింది. మా బాపును, ఇంకో ముగ్గురిని ఎదురుకోళ్లకు డప్పు కొట్టనీకి పిలిచిండ్రు. ఫంక్షన్ హాల్ గేటు దాకా కొట్టుకుంట పోయిండ్రు. గేటు కాడ ఒకాయన చెయ్యి అడ్డం పెట్టి "ఇగ సాలు, లోపల ఆర్కెస్ట్రా ఉన్నది" అన్నడు. నలుగురు డప్పులు భుజానికేసుకొని బయట వేపచెట్టు కింద కూసున్నరు. నేను కూడ ఆడనే ఉన్న.

కొంచెంసేపటికి లోపలి స్పీకర్లల్ల డప్పు మోగింది.

గేటు సందుల నుంచి చూసిన. స్టేజి మీద డప్పే లేదు. మా చిన్నాయన కొడుకు నల్ల టీషర్ట్ ఏసుకొని, కుర్చీల కూసొని, ప్యాడ్స్ కొడుతున్నడు. వచ్చి బాపుకు చెప్పిన. బాపు నా మాట వినుడే లేదు, స్పీకర్ దిక్కు చెవి పెట్టిండు. "బిడ్డా, గది నా దెబ్బ" అన్నడు.

నేను నవ్విన. డప్పు అన్నంక అన్నీ గట్లనే ఉంటయి గదా అన్న. బాపు ఎడమ చెయ్యి ముందల పెట్టిండు. ఆయన చిటికెన వేలు వంకర, చిన్నప్పుడు ఎడ్లబండి కింద పడి విరిగింది. అందుకే ఆయన చేతిల సిటికెన పుల్ల తోలు మీద ఒకసారి పడి, మళ్లొకసారి సన్నగ తాకుతది. పుట్టినకాడి నుంచి నేను వింటున్న సప్పుడు అది. మంచిగ చెవి పెట్టి విన్న. స్పీకర్లల్ల అదే జంట సప్పుడు. ప్రతి దెబ్బకు అదే, ఇసుమంత తేడా లేకుండ.

"నేనైతె రెండు దెబ్బలు ఒక్క తీరుగ ఎన్నడు కొట్టలే" అన్నడు బాపు.

అప్పుడు యాదికొచ్చింది. 2011ల జిల్లా కేంద్రంల ఒక చిన్న స్టూడియోకు బాపును తోలుకపోయిన. పాటకని పిలిచిండ్రనుకున్నం. ఆడ పాట లేదు, దరువు లేదు. ఒక్కొక్క దెబ్బే కొట్టమన్నరు. మెల్లగ ఒకటి, నడిమి తీరుగ ఒకటి, గట్టిగ ఒకటి. ఉత్త చిర్రతోటి, ఉత్త సిటికెన పుల్లతోటి, రెండిటితోటి, అంచు మీద, నడుమ. రెండు గంటలు పట్టింది. ఐదు వందల రూపాయలు, చాయ్ ఇచ్చి పంపిండ్రు. కాగితం లేదు, సంతకం లేదు. "ఒక్కొక్క దెబ్బ కొట్టుడేంది, బియ్యం గింజలు లెక్కపెట్టినట్టు" అని బస్సుల నవ్విండు బాపు. ఆయన గింజ గింజ దానం చేసొచ్చిండని మాకు ఎరుక లేదు.

ఆ యంత్రం సంగతి చెప్పాలె. శాంప్లర్ అంటరు దాన్ని. సింథసైజర్ సప్పుడును సొంతంగ పుట్టిస్తది. శాంప్లర్ పుట్టియ్యదు, ఎవరో చేసిన సప్పుడును దాసుకుంటది. మైకుల పడ్డ సప్పుడును సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలు చేసి పెట్టుకునుడు సీడీ నాటి నుంచి వస్తున్న పద్ధతి. ప్యాడ్ మీద పుల్ల పడంగనే ఆ అంకెలు మళ్ల సప్పుడైతయి. మెల్లగ కొడితె మెల్లగ కొట్టిన శాంపిల్, గట్టిగ కొడితె గట్టిగ కొట్టిన శాంపిల్ మోగుతది. బాపుతోటి మూడు తీర్ల కొట్టిచ్చింది అందుకే.

ఈ ఆలోచన కంప్యూటర్ కంటె పాతది. 1963ల ఇంగ్లండ్‌ల బర్మింగ్‌హామ్‌కు చెందిన మెల్లోట్రాన్ వచ్చింది. ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క. మీట నొక్కితె వయొలిన్, ఫ్లూట్ ఎనిమిది సెకన్ల దాకా పాడేటియి. మా కొలువులు పోతయని ఆడి సంగీతకారుల యూనియన్ లొల్లి చేసింది. 1979ల ఆస్ట్రేలియా నుంచి ఫెయిర్‌లైట్, 1981ల అమెరికా నుంచి ఇమ్యులేటర్ వచ్చినయి. టేపు పోయి అంకెలొచ్చినయి. 1985ల జపాన్ రోలాండ్ కంపెనీ తెచ్చిన మొదటి ఆక్టాప్యాడ్‌కైతె సొంత గొంతే లేదు. ఎనిమిది పలకల మీద కొడితె తీగ అవతల ఇంకో యంత్రం మోగేది. దెబ్బ ఒకరిది, గొంతు ఇంకొకరిది. మన పెండ్లి ఆర్కెస్ట్రాల ప్యాడ్స్ ఆ వంశమే.

మిత్రులారా, ఇట్ల పోయింది మా బాపు ఒక్కని దెబ్బే కాదు. 1969ల జేమ్స్ బ్రౌన్ బ్యాండ్‌ల క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అనే నల్లజాతి డ్రమ్మర్ 'ఫంకీ డ్రమ్మర్' పాటల కొన్ని సెకన్లు ఒంటిగ డ్రమ్స్ కొట్టిండు. ఆ ముక్కను తర్వాత వందల పాటలల్ల శాంపిల్ చేసుకున్నరు. పాట రాసినోని హక్కు మాత్రం జేమ్స్ బ్రౌన్ పేరు మీదనే ఉండె. ఆ చేతులకు వాటా లేదు. 2017ల స్టబుల్‌ఫీల్డ్ చనిపోయిండు. అదే 1969ల ద విన్‌స్టన్స్ బ్యాండ్ 'ఆమెన్, బ్రదర్' పాటల గ్రెగరీ కోల్‌మన్ కొట్టిన ఏడు సెకన్ల లోపు ముక్క ఉన్నది. వేల పాటలకు ఆ ముక్కే ఎన్నుపూస. కోల్‌మన్ 2006ల ఇల్లు లేకుంట చనిపోయిండు. 2015ల సంగీతాభిమానులు చందాలేసి 24,000 పౌండ్లు ఆ బ్యాండ్ పెద్ద రిచర్డ్ స్పెన్సర్‌కు ఇచ్చిండ్రు. కోల్‌మన్ పోయి అప్పటికే తొమ్మిదేండ్లు.

అయితె ఈ కథకు ఇంకో దిక్కు కూడ ఉన్నది. ఇదే యంత్రాన్ని న్యూయార్క్ పేద నల్లపిల్లలు తమది చేసుకున్నరు. 1973ల బ్రాంక్స్‌ల డీజే కూల్ హెర్క్ రెండు రికార్డులు పెట్టి, డ్రమ్స్ ఒంటిగ మోగే జాగనే తిప్పి తిప్పి ఏసిండు. 1987ల వచ్చిన ఎస్‌పీ-1200 యంత్రంల పట్టేది పది సెకన్ల సప్పుడే. పిల్లలేం చేసిండ్రు? 33 స్పీడ్ రికార్డును 45 మీద ఉరికిచ్చి ఎక్కిచ్చిండ్రు, లోపలికి పోయినంక నెమ్మది చేసిండ్రు. జాగ మిగిలింది. అట్ల గీసుకపోయిన గరుకు సప్పుడే హిప్‌హాప్ గొంతైంది. లేమిలకెల్లి పుట్టిన తెలివి అది. అందుకే నేను యంత్రాన్ని తిట్ట.

ఇంకో కారణం కూడ ఉన్నది. మా తాత డప్పు కొట్టింది కళ అని కాదు, వెట్టి అని. ఎవరింట్ల పీనుగ లేసినా అర్ధరాత్రి పోవాలె. చాటింపు ఏసి దండం పెట్టాలె. కూలి అడిగితె తన్నులు. 1927ల మహద్‌ల బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం మానుకోమని మనోళ్లకు చెప్పిండు. అవమానాన్ని అంటగట్టిన పనిని ఇడిసిపెట్టుడు కూడ పోరాటమే. చావు డప్పు ఇడిసిపెట్టిన ఊర్లను నేను మెచ్చుకుంట. 1994ల అదే డప్పును దండోరా ఉద్యమం ఆత్మగౌరవం కోసం మోగిచ్చింది. ఇడిసినా మనమే, పట్టినా మనమే కావాలె.

ఆ పెండ్లి రోజు ఇంకోటి చూసిన. మా తమ్ముడు అదే కులపోడు, అదే వాడోడు. ఆయన స్టేజి మీద, కుర్చీల. మా బాపు ఏనాడు ఆ ఊరి పెండ్లిల కుర్చీల కూసోలే. యంత్రం పట్టుకున్నోని కులం ఆ రోజు ఎవ్వరు అడగలే. తోలు పట్టుకున్నోన్ని గేటు కాడ ఆపిండ్రు. అంటే వాళ్లకు మన సప్పుడు అంటు కాదు. మన సప్పుడు లేకుంటె వాళ్ల పెండ్లికి ఊపే రాదు. ఆ సప్పుడు చేసిన చెయ్యి, ఆ తోలు మాత్రం లోపలికి రావద్దు. కులం వందల ఏండ్ల నుంచి చేస్తున్న పని ఇదే. పంట తీసుకుంటది, పండిచ్చినోన్ని బయట నిలబెడ్తది. శాంపిల్ పేరు మీద ఆ పని ఇంకింత అలకగయింది.

మరి ఏం చెయ్యాలె? సదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఇది రాసిపెట్టుకోండ్రి. మన దేశ కాపీరైట్ చట్టంల ప్రదర్శన ఇచ్చేటోళ్ల హక్కు 1994 సవరణతోటి వచ్చింది. అవును, దండోరా లేసిన ఏడే. ఆ చట్టం ప్రకారం ప్రదర్శకుడంటె సినిమా గాయకుడు ఒక్కడే కాదు. పామును ఆడిచ్చేటాయనను కూడ పేరు పెట్టి రాసిండ్రు. డప్పు కొట్టేటాయన అండ్ల రాకుంట ఎట్ల పోతడు? 2012 సవరణ 38ఏ, 38బీ సెక్షన్లు కలిపింది. ప్రదర్శనను రికార్డు చేసుడు మీద హక్కు, వ్యాపారానికి వాడితె రాయల్టీ, పేరు చెప్పించుకునే హక్కు అండ్ల ఉన్నయి. హక్కు యాభై ఏండ్లు ఉంటది. దరువు మీద ఎవరికీ పట్టా లేదు, అది తాత ముత్తాతలది. కాని బాపు ఆ రోజు కొట్టిన ఆ దెబ్బ బాపుదే.

చట్టం ఉన్నంత మాత్రాన పైసలు నడిసి రావు. మా దగ్గర కాగితం ముక్క లేదు, పదేండ్లు దాటింది. అందుకే చెప్తున్న. మీ వాడల డప్పు, కిన్నెర, ఒగ్గు డోలు వాయించే పెద్దమనుషులను ఎవరన్న రికార్డింగ్‌కు పిలిస్తె ఎంబడి పోండ్రి. ఎందుకు, ఎన్నేండ్లకు, ఎంతకు, పేరు ఏస్తరా, కాగితం మీద రాపిచ్చుకోండ్రి. మీ సెల్లుల ఆ రోజు వీడియో తీసి పెట్టుకోండ్రి.

పెండ్లి అయిన రాత్రి తమ్ముడు మా ఇంటికొచ్చిండు. ప్యాడ్‌ల ఆ శాంపిల్ ఇంకో వాయించేటాయన పెన్‌డ్రైవ్ల ఇస్తె ఎక్కిచ్చుకున్నడట. పేరు "డప్పు 2" అని ఉన్నది. "పెద్దబాపు, అది నువ్వని నాకు ఎరుక లేదు" అని తల కిందికేసిండు. బాపు ఏమనలే. వాకిట్ల గడ్డి మంటేసి డప్పు కాపిండు. "యంత్రం తే, మళ్ల కొడత" అన్నడు. "ఈసారి ఒక్కొక్క గింజ కాదు, దరువు మొత్తం పట్టు."

రికార్డు అయినంక ఫైల్‌కు ఏం పేరు పెట్టాలె అని అడిగిండు తమ్ముడు.

"నా పేరు పెట్టు. ఇంటి పేరుతోటి" అన్నడు బాపు.

మిగతా ముచ్చట వచ్చే ఐతారం. జై భీమ్.