మొదటి బండి

లైసెన్సు పరీక్ష నాలుగు నిమిషాల్లో ముగిసింది. విజయవాడలో రవాణా శాఖవారి మైదానంలో ఎనిమిది అంకె ఆకారంలో గీసిన దారి వెంట, కాలు నేలకు ఆనించకుండా, ఆ యువకుడు ఒకసారి బండి నడిపి చూపించాడు. మనిషి పరుగుకన్నా వేగం ఎక్కువ లేదు. బండి కూడా అతనిది కాదు. మేనమామను ఆ పూటకు అడిగి తెచ్చుకున్న పాత 100 సి.సి. బండి. దానికి వెనుక కూర్చునేవారు పాదాలు పెట్టుకునే ఫుట్‌రెస్టులు రెండూ విప్పేసి ఉన్నాయి. ఎందుకని అతడు ఎన్నడూ అడగలేదు. చిన్నప్పటినుంచీ మామయ్య బండి అలాగే ఉండేది.

కొన్నాళ్లకు కార్డు వచ్చింది. గేర్లు గల మోటారు సైకిలు నడపవచ్చునని దాని మీద ఉంది. ఎంత శక్తి గల మోటారు సైకిలు అన్న ప్రస్తావన లేదు. 18 ఏళ్లు నిండినవాడికి, 8 హార్స్‌పవర్ బండికైనా 180 హార్స్‌పవర్ బండికైనా, మన చట్టం ప్రకారం ఆ ఒక్క కార్డే చాలు.

అతడికి 22 ఏళ్లు. ఇంజనీరింగు పూర్తయింది. జూలైలో హైదరాబాదులో ఉద్యోగంలో చేరాలి. అంతలోపల అతడు కోరుకున్నది ఒక్కటే: కె.టి.ఎం. ఆర్.సి. 390. పరుగుపందెపు బండి ఆకారం, 373 సి.సి. ఇంజను, సుమారు 43 హార్స్‌పవర్. ఆటోనగర్‌కు దగ్గరలోనే ఒకరు తక్కువ వాడిన బండిని అమ్మకానికి పెట్టారు. అతడు వరుసగా మూడు సాయంత్రాలు వెళ్లి దానిని చూసి వచ్చాడు.

ఆ సంగతి విన్నాక తల్లి రెండు రోజులు అతనితో సరిగా మాట్లాడలేదు. 2021 సెప్టెంబరు 10న సినీనటుడు సాయి ధరమ్ తేజ్ హైదరాబాదులో దుర్గం చెరువు తీగల వంతెన ప్రాంతంలో స్పోర్ట్స్ బండి మీదనుంచి పడిపోయిన దృశ్యాలు టెలివిజన్‌లో పదేపదే చూపించారు. రోడ్డు మీది ఇసుకలో చక్రం జారిందని పోలీసులు చెప్పారు. ఆయన తలకు హెల్మెట్ ఉంది. చాలాకాలం చికిత్స పొంది కోలుకున్నారు. ఆ దృశ్యాలు ఆమె మనసులోనుంచి పోలేదు. తండ్రి జీవితమంతా స్కూటరుతో సరిపెట్టుకున్న మనిషి. ఆయన వాదించలేదు. “మీ మామయ్యను అడుగు. ఆయన సరేనంటే డబ్బు నేనిస్తాను” అన్నాడు. బావమరిది ఎలాగూ వద్దంటాడనీ, తనమీద నింద ఉండదనీ ఆయన లెక్క. ఇటువంటి లెక్కలు తండ్రులందరికీ తెలుసు.

మేనమామకు అరవై దగ్గరపడుతున్నాయి. ఆటోనగర్‌లో మోటారు విడిభాగాల దుకాణం. నడిచేటప్పుడు ఎడమకాలు కొద్దిగా ఈడుస్తాడు. ఆయన ‘వద్దు’ అనలేదు. స్టూలు చూపించి, “కూర్చోరా. ఎందుకు కావాలో చెప్పు” అన్నాడు.

కుర్రవాడు సిద్ధపడే వచ్చాడు. ఐరోపా దేశాల్లో 2013 నుంచి అమలులో ఉన్న ‘ఎ2’ తరగతి లైసెన్సుకు 35 కిలోవాట్ల పరిమితి ఉంది. అంటే 47 హార్స్‌పవర్. ఈ బండి ఆ పరిమితికి లోబడే ఉంది కాబట్టి అక్కడ 18 ఏళ్లవాడు దీనిని నడపవచ్చు. జపానులో కూడా 400 సి.సి. దాటితేనే పెద్దబండి లైసెన్సు కావాలి. ప్రపంచం దీనిని కొత్తవారి బండిగానే చూస్తున్నది. పైగా దీనికి ముందూ వెనుకా డిస్కు బ్రేకులు, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏ.బి.ఎస్. ఉన్నాయి. మామయ్య బండికి ఉన్నవి డ్రమ్ము బ్రేకులు, సన్నని టైర్లు. ఏది క్షేమం?

ఇవి కొట్టిపారేయదగిన మాటలు కావు. మామయ్య కూడా కొట్టిపారేయలేదు. “బ్రేకుల సంగతి నువ్వన్నది నిజమే. నా బండి హైవే మీద లారీకి దారి ఇవ్వడానికి కూడా చాలదు. చిన్నబండి అయినంత మాత్రాన క్షేమం అనుకోవద్దు” అని ఒప్పుకున్నాడు. తరువాత ఒక ప్రశ్న వేశాడు: “ఆ ఐరోపావాళ్లు లైసెన్సు ఇచ్చేముందు ఏం చేయిస్తారో కూడా చదివావా?”

చదివాడు. అందుకే వెంటనే బదులు చెప్పలేకపోయాడు. అక్కడి పరీక్షలో గంటకు కనీసం 50 కిలోమీటర్ల వేగంలో అకస్మాత్తుగా బ్రేకు వేసి ఆపి చూపించాలి. అదే వేగంలో అడ్డువచ్చినదానిని తప్పించి చూపించాలి. ఇక్కడ అతడు చూపించినది ఎనిమిది అంకె. ఆ దేశాల పరిమితిని అరువు తెచ్చుకున్నవాడు ఆ దేశాల పరీక్షను కూడా తెచ్చుకోవాలి కదా అన్నది మామయ్య మాట.

తరువాత ఆయన ఒక పాత బిల్లు వెనుక లెక్క వేశాడు. తన బండి 112 కిలోలు, మనిషి 70 కిలోలు. ఎనిమిది హార్స్‌పవర్‌కు పంచితే ఒక్కొక్క దాని వంతు 22 కిలోల పైచిలుకు. ఆ బండి సుమారు 165 కిలోలు, అదే మనిషి. అక్కడ ఒక్కొక్క హార్స్‌పవర్ వంతు అయిదున్నర కిలోలే. “నాలుగురెట్లు. నీ మణికట్టు మాత్రం రెండింటి మీదా ఒక్కటే” అన్నాడు.

మధ్యరకం స్పోర్ట్స్ బండిలోని చిక్కంతా ఇక్కడే ఉంది. వెయ్యి సి.సి. బండిని చూస్తే కొత్తవాడికి భయం పుడుతుంది. ఆ భయం కొంత కాపాడుతుంది. ఇది చూడటానికి చిన్నది, కదిలిస్తే తేలిక, మొదటి పది నిమిషాల్లోనే స్నేహం చేస్తుంది. కానీ ఆ ఆకారానికి తగినట్టు హ్యాండిళ్లు కిందికి ఉంటాయి. నడిపేవాడు ముందుకు వంగి దేహభారంలో కొంత మణికట్ల మీద మోపుతాడు. చక్రం గుంతలో పడితే ఆ కుదుపు నేరుగా యాక్సిలరేటర్ పట్టిన చేతికి చేరుతుంది. చేయి తెలియకుండానే వేలి మందం తిరుగుతుంది. 100 సి.సి. బండి దానిని గమనించనైనా గమనించదు. ఇది రెండో గేరులో ఉంటే ఎగిరి దూకుతుంది. సందుల్లో మలుపు తిప్పబోతే హ్యాండిల్ సగంలోనే ఆగిపోతుంది. ఒకే సిలిండరు ఉన్న 390 మధ్యవేగంలోనే ఒక్కసారిగా పుంజుకుంటుంది. అదే తరగతిలోని కవాసాకి నింజా 300 వంటి రెండు సిలిండర్ల బండి, 39 హార్స్‌పవర్ ఉన్నా, తన శక్తినంతా ఇంజను బాగా తిరిగాకగాని బయటపెట్టదు. కింది వేగాల్లో నెమ్మదిగానే ఉంటుంది. సి.సి.ని మాత్రమే చూసి బండిని అంచనా వేసేవారికి ఈ తేడా పట్టదు.

కొత్తవాడు మూడు తప్పులు చేస్తాడు. బెదిరినప్పుడు బ్రేకును ఒక్కసారిగా గుంజుతాడు. మలుపు మధ్యలో అనుమానం వస్తే యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తాడు. దేనిని తప్పించాలో దానివైపే కళ్లప్పగించి చూస్తాడు. బండి చూపు వెంటే పోతుంది. ఈ మూడూ చేయకుండా నేర్చుకున్నవాడు లేడు. చేసినప్పుడల్లా బండి ఎంత శిక్ష వేస్తుందన్నదే ప్రశ్న. ఏ.బి.ఎస్. మొదటి తప్పుకు కొంత ఆసరా ఇస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. దాటిన కొత్త బండ్లన్నిటికీ దానిని తప్పనిసరి చేయడం మంచిపనే. మిగిలిన రెండింటికీ అది మందు కాదు.

జూలైకి ఆరు నెలలున్నాయి. “ప్రతి ఆదివారం పొద్దున్నే రా. జూన్‌లో మళ్లీ అడుగు. అప్పుడు నేను అవునో కాదో చెప్పను, నువ్వే చెబుదువుగాని” అన్నాడు మామయ్య.

ఊరి బయట ఒక కళాశాల మైదానంలో తెల్లవారుజామున పాఠాలు మొదలయ్యాయి. తొలిరోజే కుర్రవాడు బిత్తరపోయాడు. కాస్త వేగం అందుకున్నాక కుడివైపు తిరగాలంటే కుడి హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలట! నమ్మలేదు. నెట్టి చూశాడు, బండి చక్కగా కుడివైపుకే వాలింది. అందరి చేతులూ ఈ పని చేస్తూనే ఉంటాయి. చేస్తున్నట్టు బుద్ధికి తెలియదు. తెలియనందువల్లనే ఆపద సమయంలో చేతులు తప్పు వైపు నెడతాయి.

తరువాత బ్రేకులు. ఆపే శక్తిలో ఎక్కువభాగం ముందుచక్రానిదే, ఎందుకంటే ఆగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది. మన ఊళ్లలో ముందు బ్రేకు వేస్తే బోర్లాపడతారని పెద్దలు చెబుతారు. గుంజితే పడతారు, నిమ్మకాయ పిండినట్టు పిండుతూ పోతే పడరు. మామయ్య మైదానంలో ఒక ఇటుక పెట్టి, అక్కడినుంచి అడుగులు కొలిచాడు. 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నవాడు ప్రమాదాన్ని చూసి బ్రేకు మీద చేయి వేసేలోగా, ఒక్క సెకనులో, దాదాపు 17 మీటర్లు పోతాడు. మంచి బ్రేకులూ, పొడి రోడ్డూ ఉంటే ఆగడానికి ఇంకొక 20 మీటర్లు. 37 మీటర్ల దగ్గర రెండో ఇటుక. 100 కిలోమీటర్ల వేగానికి లెక్క కడితే మొత్తం 83 మీటర్లు. మూడో ఇటుక పెట్టడానికి ఆయన కుంటుకుంటూ నడిచి వెళుతుంటే, కుర్రవాడు మొదటి ఇటుక దగ్గర నిలబడి చూశాడు. ఆ మనిషి చాలాసేపు నడిచాడు.

మార్చి నెలలో ఒక ఆదివారం చెల్లెలు కూడా వస్తానని మారాం చేసింది. మామయ్య బండి వెనుక ఎక్కబోయి, “కాళ్లు పెట్టుకోవడానికేదీ మామయ్యా?” అంది. ఆయన ముఖం మారిపోయింది. “నువ్వు ఆటోలో రామ్మా” అన్నాడు. ఆ రోజు పాఠం అయ్యాక, ఇటుకలు సంచిలో వేసుకుంటూ, మేనల్లుడికి ఆ కథ చెప్పాడు.

1983లో ఎస్కార్ట్స్ సంస్థ యమహా సహకారంతో రాజ్‌దూత్ 350ని మన దేశంలో విడుదల చేసింది. 347 సి.సి., రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్ ఇంజను, 30 హార్స్‌పవర్. ఆ రోజుల్లో బుల్లెట్ శక్తి 18. జపానులో అదే బండికి ముందు డిస్కు బ్రేకు ఉండేది. ఇక్కడ డ్రమ్ము వేశారు. బండి పేరులోని ఆర్.డి. అన్న రెండక్షరాలకు కుర్రకారు ‘ర్యాపిడ్ డెత్’ అని అర్థం చెప్పుకొని నవ్వుకునేవారు. మామయ్య స్నేహితుడి తండ్రి కొడుకుకు అది కొనిచ్చాడు. 1986 ఫిబ్రవరిలో ఒక సాయంకాలం ఇద్దరూ ప్రకాశం బ్యారేజీ దాటి మంగళగిరి వైపు వెళ్లారు. తిరుగు ప్రయాణంలో స్నేహితుడు, “ఒక్కసారి నువ్వు తోలరా” అని తాళంచెవి ఇచ్చాడు. అప్పటివరకూ ఈయన నడిపిన బండి లూనా ఒక్కటే.

ఉండవల్లి దగ్గర మసకచీకట్లో గడ్డి వేసుకున్న ఎడ్లబండి రోడ్డెక్కింది. దీపం లేదు. వేగం ఎనభై దాటి ఉంటుంది. “ముందు బ్రేకు పట్టలేదురా. పడతామని భయం. వెనుక బ్రేకు ఒక్కటే తొక్కాను, చక్రం బిగుసుకుపోయింది. కళ్లు ఆ గడ్డి మీదనుంచి తిప్పలేకపోయాను. బండిని అనడానికి ఏమీ లేదు, అది నేను చెప్పినట్టే చేసింది.” ఆయన కాలు మూడుచోట్ల విరిగింది. స్నేహితుడు మూడోరోజున పోయాడు. ఆ తల్లి ఒక్క మాట అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేదని ఆయనకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కుర్రవాడు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత రెండు ఆదివారాలు మైదానానికి రాలేదు. మూడో ఆదివారం మామయ్యకంటే ముందే వచ్చి ఇటుకలు పెట్టి ఉంచాడు.

జూన్‌లో మామయ్య తన దుకాణానికి వచ్చే ఒకరిని అడిగి 390ని గంటసేపటికి తెచ్చాడు. కుర్రవాడు మైదానం చుట్టూ తిరిగాడు. ఆపైన ఖాళీగా ఉన్న పక్క రోడ్డు మీదికి వెళ్లాడు. ఇరవై నిమిషాలకు తిరిగివచ్చి స్టాండు వేసి, హెల్మెట్ తీసి చేతులు విదిలించుకున్నాడు. నవ్వు ఆగడం లేదు. బ్రేకులు అద్భుతమన్నాడు. ఇటుకకు ఎంతో ముందే ఆగిందట. ఆ తరువాత నెమ్మదిగా అన్నాడు: “మూడో గేరులో ఒక గుంత వచ్చింది మామయ్యా. చూసుకునేసరికి తొంభైలో ఉన్నాను. నేను పెంచలేదు.”

ఆ సాయంకాలం తండ్రి డబ్బు మాట తానే ఎత్తాడు. కుర్రవాడు 390 అడగలేదు. అదే రకం ఆకారం, ముందూ వెనుకా డిస్కులు, శక్తి మాత్రం 18 హార్స్‌పవర్ చిల్లర ఉన్న యమహా ఆర్15, వాడిన బండి, ఒకటి చూశానన్నాడు. పెద్దది ఎప్పటికీ వద్దని మాత్రం అనలేదు. అది విని తల్లి నిట్టూర్చింది. 155 సి.సి. బండి అయినా 120 దాటి పోగలదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కూడా లేదు.

బండి వచ్చిన మరునాడు ఆదివారం. కుర్రవాడు మైదానంలో అరగంట నడిపాడు. “ఒంటరిగా ఆపడం వచ్చింది. వెనుక బరువు ఉంటే బండి వేరేగా ఆగుతుంది. హైదరాబాదులో ఎవరో ఒకరు ఎక్కుతారు గదా, అది ఎవరిమీద నేర్చుకోను?” అని అడిగాడు.

మామయ్య కొంతసేపు దూరంగా ఉన్న ఇటుకలవైపు చూశాడు. తరువాత హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించాడు. స్పోర్ట్స్ బండి వెనుక సీటు ఎత్తుగా ఉంటుంది. ఎడమకాలు పైకి లేవదు. మేనల్లుడి భుజం పట్టుకుని, రెండు ప్రయత్నాల తరువాత ఎక్కి కూర్చున్నాడు. పాదంతో తడుముకుంటూ ఫుట్‌రెస్టు వెతుక్కున్నాడు.

“నలభైలో ఆపు ముందు. పోనీ” అన్నాడు.