భైంసా చలిలో ఒక పందిరి



నిర్మల్ నుండి భైంసాకు సుమారు 40 కిలోమీటర్లు. దారికి ఇరువైపులా నల్లరేగడి నేలలు, పత్తి చేలు. 2016 వరకు ఈ ఊరు ఆదిలాబాద్ జిల్లాలోనిది, ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉంది. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరే గనుక బజారులో తెలుగుతో పాటు మరాఠీ, ఉర్దూ కూడా వినిపిస్తాయి. ఊరి దగ్గర సుద్దవాగు మీద గడ్డెన్నవాగు ప్రాజెక్టు ఉంది.

గత జనవరిలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. తెల్లవారి లేచేసరికి ఆమె పెరట్లో పందిరి కింద మౌనంగా నిలబడి ఉంది. సొరతీగ ఆకులన్నీ నల్లబడి వేలాడుతున్నాయి. ఇక్కడివారు సొరను ఆనిగెపుకాయ అంటారు.

"మూడు రాత్రులల్ల మాడిపాయె బిడ్డా! మనుమని ఫీజుకు అయితదనుకుంటి" అంది.

లంబసింగిలో వలె నేలమీద మంచు గడ్డకట్టే చలి భైంసాలో సాధారణంగా ఉండదు. కాని సొర, బీర, కాకర వంటి తీగలకు అంత చలి అక్కరలేదు. 10 డిగ్రీల దగ్గర కొన్ని రాత్రులు గడిస్తే చాలు, అవి నీరసించిపోతాయి. మబ్బు, గాలి లేని రాత్రి నేలలోని వేడి పైకి పోతుంది. చల్లగాలి బరువైనది గనుక పల్లానికి జారి అక్కడ నిలుస్తుంది. పెద్దమ్మ పందిరి సరిగ్గా పెరటి పల్లంలో ఉంది.

వంటింటి దక్షిణపు గోడకు పాకిన చిక్కుడు మాత్రం విరగకాసింది. చిక్కుడుకు చలికాలమే కాపుకాలం. పైగా ఆ గోడ పగలంతా ఎండను తాగి, రాత్రి ఆ వేడిని మెల్లగా విడుస్తుంది.

ఆ గోడ పక్కనే కొత్త పందిరి వేశాము. 15 డిగ్రీల లోపు చలిలో ఈ తీగల విత్తనాలు సరిగా మొలవవు. అందుకని వాటిని ఒక రాత్రి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి, పొయ్యి దగ్గర ఉంచాము. మొలక రాగానే మట్టి నింపిన కాగితపు దొన్నెల్లో నాటి, చలి తగ్గిన తరువాత ఫిబ్రవరిలో పాదుల్లోకి మార్చాము. పగటిపూటే నీరు పెట్టడం, రాత్రి లేత తీగలపై పాత చీర కప్పి పొద్దున్నే తీసివేయడం పెద్దమ్మ పని. చలికాలం ముందు యూరియా వేయడం మానుకోవాలి. దాని వల్ల వచ్చే లేత చిగురే ముందుగా దెబ్బతింటుంది.

గుమ్మం దగ్గరి తమలపాకు తీగ కూడా ఆకు రాల్చింది. పెద్దమ్మ కొడవలి తీసింది. నేను వారించి, కాండాన్ని గోటితో గీరి చూపాను. లోపల పచ్చగా ఉంది. ఎండినట్లు కనబడే తీగను చలి పోయే దాకా కోయకూడదు.

ఈస్టరుకు మళ్లీ వెళ్లాను. తమలపాకు చిగిర్చింది. కొత్త పందిరికి ఆనిగెపుకాయలు వేలాడుతున్నాయి. పెద్దమ్మ గంపలో నాలుగు కాయలు సర్దుకొని అంగడికి బయలుదేరుతోంది.

యోనా తాను కష్టపడని సొరచెట్టు వాడిపోయిందని కోపగించుకున్నాడు. పెద్దమ్మ మూడు నెలలు కష్టపడి పెంచిన తీగ పోయినా, మరునాడే విత్తనాలు నానబెట్టింది. ఆ ఇద్దరిలో నేను ఎవరి వంటివాడినని తిరుగు బస్సులో నన్ను నేను అడుగుకున్నాను.