ఖాళీ చేతులు

మా పార్సిప్పనీకి సముద్రం లేదు. ఊరి పక్కన రాకవే నదికి ఆనకట్ట కట్టి 1904లో నింపిన రిజర్వాయరు ఉంది. దాని అడుగున పాత బూంటన్ ఊరు మునిగి ఉంది. 287 మీద కారులో వెళ్తుంటే ఆ నీళ్ళు కనిపిస్తాయి, నాకు శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిన ఊళ్ళు గుర్తొస్తాయి. కానీ అవి జెర్సీ సిటీ వాళ్ళు తాగే నీళ్ళు. అందులో దిగనివ్వరు.

ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, 2015లో పదిహేనేళ్ళు నిండగానే మా అమ్మాయి స్కూబా డైవింగ్ నేర్చుకుంటానంది. "ఒక్కదాన్నే పంపిస్తారా?" అని మా ఆవిడ నా వైపు చూసింది. అలా నలభై ఆరేళ్ళ వయసులో నేనూ చేరాను. భీమిలిలో పుట్టి కూడా సముద్రంలో తల ముంచి ఎరగనివాణ్ణి!

ఫోన్‌లో విషయం చెప్తే అమ్మ కంగారు పడలేదు. "ఏరా, డెబ్భై ఏళ్ళుగా ఈ ఒడ్డునే ఉన్నాను. నీళ్ళ లోపల ఎలా ఉంటుందో చూసిందే లేదు. పిల్ల దిగుతోందిగా, వీడియో తీసి పంపరా" అంది.

అమెరికా వచ్చిన దగ్గర్నుంచి మనం చేసేది అదేగా! తొలి మంచు, కొత్త కారు, నయాగరా... అన్నీ ముందు కెమెరాలోంచి చూసి, ఇండియాకి పంపి, ఆ తరవాత తీరిగ్గా మనమూ చూసుకుంటాం. వెంటనే ఒక గోప్రో కొన్నాను.

చిక్కల్లా చేతుల దగ్గరే వచ్చింది. నీళ్ళలో మనిషికి రెండు చేతులూ కావాలి. ఒకటి జాకెట్టులోకి గాలి నింపే, వదిలే మీట మీద ఉండాలి. ఇంకొకటి ముక్కు మూసి చెవుల్లోకి గాలి ఊదడానికీ, సైగలు చెయ్యడానికీ కావాలి. పైగా ఇద్దరిద్దరుగా దిగాలి, ఒకరికొకరు కాపలా. మా అమ్మాయికి కాపలా నేను. కాబట్టి చేతుల్లో కెమెరా కుదరదు, ఒంటికే తగిలించుకోవాలి.

శిక్షణ జరిగే ఈతకొలనులో ఒక్కొక్క పద్ధతే ప్రయత్నించాను. మొదట ఛాతీకి పట్టీలతో కట్టుకున్నాను. సైకిలు తొక్కేవాళ్ళకి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. డైవింగులో మనిషి బోర్లా పడుకున్నట్టు ఈదుతాడు. వీడియో నిండా కొలను అడుగున ఉన్న పలకలే! తరవాత మణికట్టుకి కట్టాను. చెవుల కోసం ముక్కు మూసుకున్నప్పుడల్లా నా గడ్డమే సినిమా అయింది. తలపట్టీ ఏమో రబ్బరు టోపీ మీద నిలవక జారిపోయింది.

చివరికి మాస్కుకే బిగించే బిళ్ళ దొరికింది. తల ఎటు తిరిగితే కెమెరా అటు తిరుగుతుంది. అది చూసి మా శిక్షకుడు పెదవి విరిచాడు. మాస్కు ఊడితే కెమెరా కూడా పోతుంది, పైకి పొడుచుకొచ్చిన భాగం దేనికైనా తగులుకోవచ్చు అన్నాడు. "ముందు నీళ్ళలో తేలకుండా, మునగకుండా నిలబడ్డం నేర్చుకో, కెమెరా ఎక్కడికీ పోదు" అని కూడా అన్నాడు. చేతులు ఖాళీగానే ఉన్నాయిగా, ఇంకేమిటి అభ్యంతరం అనుకున్నాను.

పెన్సిల్వేనియాలో బెత్లెహేమ్ దగ్గర, అప్పట్లో డచ్ స్ప్రింగ్స్ అని పిలిచే చోట, నీళ్ళు నిండిన పాత సున్నపురాయి క్వారీలో మా తొలి డైవ్. డైవర్ల సరదా కోసం అందులో ఒక స్కూలు బస్సుని ముంచి పెట్టారు. నీళ్ళు పచ్చగా, చల్లగా ఉన్నాయి. కిందికి వెళ్ళేకొద్దీ ఎరుపు రంగు మాయమైపోయింది. పది మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. చెవులకి పరీక్ష ఆ మొదటి పది మీటర్లలోనే.

పసుపు పచ్చ బస్సు మసకగా కనిపించేసరికి నాకు ఒళ్ళు పులకరించింది. భీమిలిలో అమ్మ ఇది చూస్తుంది! తల కదిలితే వీడియో అదిరిపోతుందని మెడ బిగబట్టి, బస్సు మీదే చూపు నిలిపాను. పైకి వచ్చాక "ఎలా ఉందమ్మా?" అని అడిగితే మా అమ్మాయి "బానే ఉంది నాన్నా, చెవి కొంచెం..." అని ఊరుకుంది. నేను కెమెరా తడి తుడుచుకుంటున్నాను.

ఆ రాత్రే వీడియో పంపాను. పొద్దున్నే అమ్మ ఫోను.

"బస్సు బాగుందిరా. ఆ మూల చెయ్యి ఊపుతున్నది పిల్లేనా?"

"ఏ మూల?"

"ఎడం పక్కన. నిన్ను పిలుస్తోంది కదరా. నువ్వు బస్సు చూస్తున్నావేమిటి?"

వీడియో మళ్ళీ పెట్టుకున్నాను. మాస్కు పెట్టుకుంటే మన చూపు ఇరుకైపోతుంది. ఆ కెమెరా కన్ను మాత్రం చాలా వెడల్పు. ఎడం పక్క అంచున మా అమ్మాయి అరచెయ్యి చదునుగా పెట్టి అటూ ఇటూ ఆడిస్తోంది. 'బాగాలేదు' అని దాని అర్థం. తరవాత వేలితో చెవి చూపించింది. మళ్ళీ చెయ్యి ఆడించింది. నేను తల తిప్పలేదు. దాదాపు నలభై సెకన్లు. చివరికి నేర్పినట్టే తనంతట తను కొంచెం పైకి లేచి, చెవి తెరుచుకున్నాక మళ్ళీ కిందికి వచ్చింది. శిక్షకుడు పక్కనే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. కానీ ఆ పిల్ల సైగ చేసింది శిక్షకుడికి కాదు, నాకు.

నా రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. ఖాళీ లేనిది నేను.

ఆ తరవాత చాలా డైవుల వరకూ కెమెరా తీసుకెళ్ళలేదు. ఇప్పుడు ఎప్పుడైనా తీసుకెళ్తే జాకెట్టు భుజం పట్టీకి తగిలించి, జారిపోకుండా చిన్న తాడు కట్టి, ఒడ్డునే బటను నొక్కి దాని సంగతి మర్చిపోతాను. ఏం పడితే అది పడుతుంది. మెడ మాత్రం తిప్పుతూనే ఉంటాను.

రెండోసారి దిగి వచ్చిన రోజున అమ్మకి పంపడానికి వీడియో లేదు. మా అమ్మాయే ఫోన్ తీసుకుంది. వచ్చీరాని తెలుగులో, చేపకి ఇన్ని చారలనీ, నీళ్ళు ఒక్కసారిగా చల్లబడే చోటు ఒకటుంటుందనీ, అరగంట చెప్పింది. ఆ చివర్నుంచి అమ్మ "ఆఁ... ఆఁ..." అంటూనే ఉంది.

ఫోన్ పెట్టేసే ముందు నన్ను పిలిచింది.

"ఇప్పుడు చూశానురా" అంది.