తపతీ తీరాన తెలుగు బడి

సూరత్ అనగానే మన ఇళ్లలో ముందుగా స్ఫురించేవి చీరలు, ఆపైన వజ్రాలు. ఉద్యోగరీత్యా హజీరా వెళ్లే మనవారిలో చాలామంది స్టేషను, అతిథిగృహం, ప్లాంటు చూసి తిరుగుముఖం పడతారు. ఈ పర్యాయం మేము ఒక పూట మిగుల్చుకొని లింబాయత్ ప్రాంతంలోని ఒక తెలుగు మాధ్యమ పాఠశాలను దర్శించాము. మన టౌన్‌షిప్ పాఠశాలలో గణితం బోధించే ఉపాధ్యాయిని ఒకరు మా వెంట ఉన్నారు.

గుజరాత్‌లో తెలుగు బడి ఏమిటని పాఠకులకు సందేహం కలుగవచ్చు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు బ్రతుకుతెరువు వెతుక్కుంటూ షోలాపూర్, భివండి, సూరత్‌లకు తరలిపోయాయి. చేనేతలో ఆరితేరిన చేతులు అక్కడ మరమగ్గాలకు అలవాటు పడ్డాయి. ఆ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఆంగ్లం అనే 7 మాధ్యమాలలో పాఠశాలలు నడుపుతున్నది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందేలా చూడాలని, 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతున్నది. అక్షరాలలో చదివిన ఆ మాటను మేము ఇక్కడ తరగతి గదిలో చూశాము.

ప్రధానోపాధ్యాయుల అనుమతితో మా ఉపాధ్యాయిని నల్లబల్లపై నిలువు, అడ్డగీతలు గీసి గ్రాఫ్ పాఠం ఆరంభించారు. ఒక బాలిక లేచి, "గిది పడుగు, గిది పేక గద, టీచర్!" అన్నది. ఇక నిరూపకాలను వేరుగా వివరించే అవసరమే రాలేదు. ఎన్నవ పడుగు పోగు, ఎన్నవ పేక పోగు అని అడిగితే చాలు, పిల్లలు బిందువును గుర్తించసాగారు. పాఠం చెప్పబోయిన ఉపాధ్యాయిని తానే ఒక బోధనా పద్ధతిని నేర్చుకొని వచ్చారు.

అయితే, రాత్రి షిఫ్టు ముగించి బిడ్డను దింపడానికి వచ్చిన ఒక తండ్రి మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. "ఇంట్ల తెలుగు, గల్లీల హిందీ, బోర్డుల మీద గుజరాతీ. కొలువుకేమో ఇంగ్లీషు కావాలె. ఏది చదివియ్యాలె సారూ?" మన టౌన్‌షిప్ పిల్లలు చదివేదీ ఆంగ్లంలోనే కనుక ఆ ప్రశ్నను తేలికగా తోసిపుచ్చలేము. కానీ, ఇంటిభాషలో అర్థమైన గణితం ఏ భాషలోకైనా వెంట వస్తుందని ఆ తరగతి గది మాకు చూపింది.

సూరత్ నుండి మన పెట్టెలు చీరలతో నిండి వస్తాయి. వెళ్లేటప్పుడు వాటిలో చోటు ఉంటుంది. నాలుగు తెలుగు కథల పుస్తకాలు అందులో పట్టకపోవు.