కోయంబత్తూరులో మా కర్మాగార శిక్షణ

ఇంజనీరింగు మూడవ సంవత్సరము పరీక్షలు ముగిసిన తరువాత మేము ముగ్గురు విద్యార్థులము హోసూరులో రైలెక్కి, ధర్మపురి, సేలం, ఈరోడుల మీదుగా కోయంబత్తూరు చేరుకున్నాము. అక్కడ ఒక పంపుల కర్మాగారంలో నెల రోజులు శిక్షణ పొందాము. పిల్లలను ఇటువంటి శిక్షణకు పంపదలచిన తల్లిదండ్రులు మన పాఠకులలో ఉంటారు గనుక, అక్కడ చూచిన విశేషాలు కొన్ని వ్రాస్తున్నాము.

కోయంబత్తూరు పడమటి కనుమల నీడలో ఉన్నది. వానలు తక్కువ. నల్లరేగడి నేలల్లో పత్తి బాగా పండేది గనుక, 1888లో స్టేన్సు దొరగారు నూలు మిల్లు స్థాపించారు. 1930ల తొలినాళ్ళలో పైకారా జలవిద్యుత్తు రావడంతో మిల్లులు ఒకదాని వెంట ఒకటి లేచినవి. మిల్లు యంత్రాలు బాగుచేసే పనివాళ్ళు ఒకవంక, లోతు బావుల నుండి నీరు తోడలేక అలసిన రైతులు మరొకవంక ఉండగా, పంపుల పరిశ్రమ ఇక్కడ పుట్టడంలో ఆశ్చర్యమేమున్నది? ఈ చరిత్రలో మన తెలుగువారి పాలు చాలా కలదు. కలంగల్ గ్రామంలో 1893లో జన్మించిన జి. డి. నాయుడుగారు, బాలసుందరం నాయుడుగారితో కలిసి 1937లో ఎలక్ట్రిక్ మోటారు తయారుచేయించారు. మన దేశంలో తయారైన తొలి మోటార్లలో అది ఒకటి.

మొదటి వారము మమ్ములను ఫౌండ్రీలో వేశారు. ఇసుకలో బంకమన్ను, బొగ్గుపొడి, నీరు కలిపి, చెక్క నమూనా చుట్టూ దట్టించి అచ్చు తీస్తారు. అందులో కరిగిన ఇనుము పోస్తారు. దాని వేడి సుమారు 1,350 డిగ్రీలు. పది అడుగుల దూరాన నిలిచినా ముఖము చురుక్కుమంటుంది. అక్కడి మేస్త్రీగారికి అరవై యేండ్లు దాటినవి. ఇంట తెలుగు, పనిలో తమిళము. తెలుగు చదవడం మాత్రము రాదు. నమూనా గీతకంటె కొంచెము పెద్దదిగా ఉన్నదేమని మేము అడుగగా, "ఇనుము చల్లారితే ముడుచుకుంటుంది గదప్పా! మీటరుకు 10 మిల్లీమీటర్లు దానికని ముందే విడిచిపెట్టాల" అన్నారు. పుస్తకంలో ఒక అంకెగా చదివినది ఆ రోజున మా కంటికి కనబడినది.

తరువాత పరీక్షాశాలకు మారాము. పంపు ఎంత నీటిని, ఎంత ఎత్తుకు, ఎంత విద్యుత్తుతో ఎత్తుతున్నదో అక్కడ కొలుస్తారు. సెకనుకు 2 లీటర్ల నీటిని 100 మీటర్లు పైకి తేవాలంటే, నష్టాలు లెక్కించకుండానే సుమారు 2 కిలోవాట్లు కావాలి. 300 మీటర్లయితే 6. లోతు పెరిగినకొద్దీ శక్తి పెరుగుతూనే ఉంటుంది.

మూడవ వారంలో పల్లడం వైపు నుండి ఒక రైతు వచ్చారు. మా మాటలు విని ఆయనా తెలుగులోనే అందుకున్నారు. తండ్రి కాలంలో ఎద్దులతో మోట తోలిన బావి ఎండిపోయినది. 1,000 అడుగుల బోరులో కూడా నీరు తగ్గుతున్నది. కొబ్బరి చెట్లు వాడుతున్నవి. అప్పుచేసి అయినా రెట్టింపు శక్తిగల పంపు కొనాలని ఆయన పట్టుదల. డబ్బు సిద్ధంగా ఉన్నది. అమ్మితే సంస్థకు లాభమే. అయినా మా ఇంజనీరుగారు, "ముందు బోరు ఇచ్చే నీరెంతో చూడండయ్యా" అని మమ్ములను ఆయన వెంట పంపించారు.

తోటలో 200 లీటర్ల పీపా పెట్టి గడియారము చూచాము. మొదట రెండున్నర నిమిషాలలో నిండినది. గంట గడిచిన తరువాత నాలుగు నిమిషాలు దాటినది. పంపు తోడినంత వేగంగా బోరులోకి నీరు ఊరడం లేదు. పెద్ద పంపు పెడితే నీరు ఇంకా త్వరగా అడుగంటుతుంది. చుట్టూ ఉన్న నీటితోనే చల్లబడే మోటారు కాలిపోతుంది. ఈ మాట చెప్పడానికి మాకు నోరు రాలేదు గాని చెప్పక తప్పలేదు.

ఆయన చాలాసేపు మాటాడలేదు. ఆయన ఇల్లాలే, "ఉన్న నీళ్ళు సగం చెట్లకన్నా వస్తాయా నాయనా?" అని అడిగారు. చిన్న పంపు పెట్టి, బొట్టు బొట్టుగా పారిస్తే రావచ్చునన్నాము. ఏ వరుసలు ఉంచాలో, ఏవి వదలాలో ఆమెయే నడిచి చూపించారు. వదిలినవాటిలో ఆమె కాపురానికి వచ్చిన యేడు నాటినవి కూడా ఉన్నవి.

తిరిగి వచ్చి చెప్పగా, పెద్ద బేరము పోయినందుకు ఇంజనీరుగారు విచారించలేదు. "కాలిపోయిన మోటారుతో ఆయన మళ్ళీ మన గడప తొక్కితే మనకు పేరా?" అన్నారు.

శిక్షణకు పోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా సలహా ఇది. నూలు బట్టలు, గట్టి తోలు చెప్పులు, ఒక నోటుబుక్కు వెంట తీసుకొనిపొండి. పనివారిని గౌరవంగా అడగండి. కడుపులో దాచుకోకుండా చెబుతారు. వీలైతే మీరు తయారుచేసే వస్తువు ఎవరి చేతికి పోతున్నదో, ఒక్కసారైనా వారి ఇంటికి పోయి చూచి రండి.