నాగపాడా నుండి దేవనారు వరకు

కాశీ రామేశ్వరములకు పోయివచ్చినవారు తమ యాత్రావిశేషములను పత్రికలకు వ్రాసి పంపుట మనలో పరిపాటియై యున్నది. ఈ సంక్రాంతి సెలవులలో మేము చేసిన యాత్ర అట్టిది గాదు. సంఘసేవను శాస్త్రముగా బోధించు విద్యాలయమొకటి ముంబయి మహానగరమున నున్నదని విని, దానిని చూచి వచ్చుటకై పోయితిమి. మన యిండ్లలో పట్టపరీక్ష ముగించిన ఆడుపిల్లలు పెక్కుమంది యున్నారు. వారిలో కొందరి మనస్సు ఈ చదువుమీదికి పోవుచున్నది. అట్టి పిల్లల తల్లులకు అక్కఱకు వచ్చునేమో యని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా ఆడుబిడ్డ కుమార్తె డిగ్రీ పరీక్షలో ప్రథమశ్రేణిని ఉత్తీర్ణురాలై, సంఘసేవలో ఎమ్మే చదువుదునని పట్టుబట్టినది. తండ్రిగారు మాకు అన్నవరుస. చదువనిన గిట్టనివారు గారు. బిడ్డను అంతవరకు చదివించినది ఆయనయే. కాని ఈ చదువు పేరు విని ఆయనకు ఆశ్చర్యము కలిగినది. "చెల్లెమ్మా, ఇంటికి వచ్చినవారికి అన్నము పెట్టుట మా అమ్మ ఏ బడిలో నేర్చినది? పొరుగింట జబ్బుచేసిన రాత్రియంతయు మేలుకొని కూర్చుండుటకు ఏ పట్టా కావలసివచ్చినది? దీనికొఱకు రెండేండ్లు, ఇంత ధనము, అంత దూరమా?" అని యడిగిరి. అప్పటికే మంచి సంబంధమొకటి వచ్చియున్నది. కడకు, "మీరిద్దఱును దానిని వెంటబెట్టుకొని పోయి చూచిరండు. చదువవలసిన చదువేనని మీకు తోచినచో దరఖాస్తు పెట్టనిత్తును. లేనిచో ఆ మాట మరల ఎత్తగూడదు" అని నిర్ణయించిరి.

ఆయన ప్రశ్న త్రోసివేయదగినది గాదు. భాగవతమున రంతిదేవుని కథ విని పెరిగిన యిండ్లు మనవి. దయకు పాఠశాల యేల యను సందేహము మాకును లేకపోలేదు. ఆ సందేహమును మూటగట్టుకొనియే మావారును, మేమును, అమ్మాయియు హైదరాబాదులో రాత్రిబండి నెక్కితిమి.

తెల్లవారుసరికి షోలాపురము వచ్చినది. ప్లాట్‌ఫారముమీద తెలుగుమాటలు విని ఉలికిపడి లేచితిమి. తెలంగాణమునుండి తరతరములుగా వలసపోయిన పద్మశాలీలు ఆ యూర మగ్గములు నేసిరి. షోలాపురపు దుప్పట్ల పేరు దేశమంతట మ్రోగుటలో వారి చేతిపని యెంతయో కలదు. పూనా దాటిన పిమ్మట బండి భోర్ కనుమలో దిగును. కొండలను తొలిచి వేసిన ఆ త్రోవ 1863లో పూర్తియైనది. సొరంగములు ఒకదానివెంట నొకటి వచ్చుచుండ అమ్మాయి లెక్కపెట్టుచు కూర్చున్నది. ఆ త్రోవ వేయుటలో వేలకొలది కూలీలు ప్రాణములు విడిచిరని మావారు చెప్పగా లెక్క మానివేసినది.

వర్లీలో మావారి పూర్వశిష్యుని యింట దిగితిమి. అతని తల్లి మమ్ము ఆడపడుచువలె ఆదరించినది. మరునాడు తిన్నగా విద్యాలయమునకు పోక, ముందుగా నాగపాడాకు పోయితిమి. నేడు టాటా సంఘశాస్త్ర సంస్థయని పేరొందిన ఆ విద్యాలయము పుట్టినది నాగపాడాలోనే. క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అను అమెరికా దేశస్థుడు 1925లో బొంబాయి వచ్చి, కూలీలును పేదలును క్రిక్కిరిసి యుండిన ఈ పేటలో 'నైబర్‌హుడ్ హౌస్' అను పేర ఇరుగుపొరుగువారి కొఱకు ఒక గృహమును స్థాపించెను. రాత్రిబడి, ఆటస్థలము, వైద్యము మొదలగునవి అచట నడచినవి. పని పెరిగినకొలది, మంచిమనస్సు గలవారు దొరకిరేగాని పని తెలిసినవారు దొరకలేదు. 1932లో సర్ దోరాబ్జీ టాటా స్వర్గస్థుడైనాడు. ఆ యేటనే ఏర్పడిన ఆయన ధర్మనిధి నుండి ధనసహాయము లభించగా, 1936లో సంఘసేవకై ఉన్నతవిద్యాలయము తెఱవబడినది. భారతదేశమున ఇట్టి విద్యాలయములలో ఇది మొదటిది. మాన్‌షార్ట్ దానికి తొలి అధ్యక్షుడు. 1944లో దాని పేరు మారినది. 1954లో నగరపు తూర్పుదిక్కున నున్న దేవనారుకు తరలినది. 1964లో విశ్వవిద్యాలయముతో సమానమైన హోదా నందినది.

నాగపాడాను ఆనుకొని కామాటిపురమున్నది. ఈ పేరు మన తెలుగువారినిబట్టి వచ్చినదే. నైజాము రాజ్యమునుండి వచ్చి బొంబాయి రోడ్లు వేసి, మేడలు కట్టిన కూలీలకు కామాటీలని పేరు. వారు కాపురమున్న పేట కామాటిపురమైనది. నగరమును కట్టినవారి పేరు నగరమున అందఱును ఉచ్చరింప సిగ్గుపడు మాటయగుట విధివైపరీత్యము. తెల్లదొరల కాలమునుండియు ఆ సందులు పడుపువృత్తికి నెలవులైనవి. పెండ్లికాని పిల్లను వెంటబెట్టుకొని అచటికి పోవచ్చునా యని మేము సంకోచించితిమి. "అత్తయ్యా, ఈ పని చేయ నెంచినదానను, చూచుటకే వెఱచిన నెట్లు?" అని అమ్మాయి యనెను. పగటివేళ పోయితిమి. కుళాయి యొద్ద బిందెలు, గుమ్మములలో బియ్యమేరుచున్న స్త్రీలు, బడిసంచులతో పిల్లలు. మన వీధులలో చూచునట్టి దృశ్యమే. ఒక ముసలమ్మ మా మాట విని, "ఏ ఊరు బిడ్డా?" అని తెలుగున నడిగినది. నల్లగొండ యనగానే ఆమె కన్నులు చెమర్చినవి.

ఆ సందులలో జరిగిన పనియొకటి ఇచట చెప్పదగినది. టాటా సంస్థలో సంఘసేవ చదివిన ప్రీతీ పాట్కర్ గారు 1986లో 'ప్రేరణ' అను సంస్థను నెలకొల్పిరి. ఆ స్త్రీల బిడ్డలకు పలకా బలపములు, బట్టలు పంచువారు అంతకుముందును ఉండవచ్చును. కాని ఆ పిల్లలకు పగటికన్న రాత్రి గండము. తల్లి వృత్తివేళ పసివాడెచట నుండవలెను? ఆడుపిల్లయైనచో ఎవరి కన్నులబడును? ఈ ప్రశ్న నడిగి, 1988లో వారు కామాటిపురమున రాత్రివేళ పిల్లలను సంరక్షించు కేంద్రము నేర్పరచిరి. సాయంకాలము పిల్లలు అచటికి వచ్చి తిని, చదువుకొని, నిర్భయముగా నిద్రించి ఉదయమున పోవుదురు. వినిన పిమ్మట "ఇంతే గదా" యనిపించును. ఏ వేళకు ఏది కావలెనో తెలిసికొనుటయే కష్టము.

మూడవనాడు కుర్లాలో బండి మారి గోవండీ స్టేషనులో దిగి దేవనారు చేరితిమి. ఆ ప్రాంతమున 1927 మొదలు నగరపు చెత్తను పోసిన దిబ్బ కొండవలె లేచియున్నది. దాని చుట్టును రేకుల యిండ్లు. ఆ చెత్త నేరి బ్రదుకువారు వేలు. సంస్థ ఆవరణములో మాత్రము చెట్లనీడ, దోరాబ్జీ టాటా పేరిటి గ్రంథాలయము, గుంపులుగా కూర్చున్న విద్యార్థులు. గోడ కీవల పుస్తకములు, ఆవల ఆ పుస్తకములలోని విషయము. రెంటికిని నడుమ దూరము తక్కువ.

అచట ఆదిలాబాదునుండి వచ్చి చదువుచున్న తెలుగుపిల్ల యొకతె కనబడినది. మాకు ప్రాణము లేచివచ్చినది. ఆమె చెప్పినదానినిబట్టి, తరగతి పాఠములతోపాటు వారమున రెండు దినములు ఆసుపత్రికో, వాడకో, పోలీసు స్టేషనుకో, బాలుర గృహమునకో పోయి పనిచేయవలెను. చేసినదంతయు వ్రాసి అధ్యాపకునికి చూపవలెను. ఆయన ప్రతి వాక్యమును ప్రశ్నించును. "మొదటి నెలలో, పెనిమిటి చనిపోయిన ముసలమ్మకు నా సంచిలోని నూఱు రూపాయలు ఇచ్చి, ఆ సంగతి గొప్పగా వ్రాసితిని అక్కా. రేపటికేమి యని మాస్టారు అడిగిరి. ఆమెకు రేషనుకార్డు లేదు. పెనిమిటి చనిపోయినట్లు కాగితము లేదు. కాగితము లేక పింఛను లేదు. ఆఫీసులచుట్టు నాలుగు నెలలు తిరిగితిమి. నేను తిరిగి పెట్టుట గాదు, ఆమెయే అడుగునట్లు ప్రక్కన నిలువవలెనని నేర్పిరి. ఇప్పు డామె తన సందులోని మరి యిద్దఱిని తానే తీసికొనిపోవుచున్నది" అని చెప్పెను.

మా సందేహము అచట తీఱినది. రంతిదేవుడు 48 దినములు పస్తుండి, దొరకిన అన్నమును, కడకు నీటినిగూడ ఇతరులకు ధారపోసెను. అంతటి దయ చదువువలన రాదు. ఇంటిలోనే, తల్లియొడిలోనే రావలెను. అన్నగారి తల్లి పెట్టిన అన్నము అట్టిదే. కాని అతిథి మన గుమ్మమునకు వచ్చినప్పుడు ఆ దయ సరిపోవును. గుమ్మమునకు రానివారు, అడుగ నోరులేనివారు, ఆకలికి మూలము కాగితములలో చిక్కుపడినవారు ఉన్నారే, వారికి దయతోపాటు నేర్పు కావలెను. మంత్రసానికి జాలి యున్నను చేయి తిరుగకున్న తల్లికి గండమే గదా!

అట్టి నేర్పు ఎట్టి ఫలమిచ్చునో ఆ సంస్థ చరిత్రములోనే కలదు. ఇంట దెబ్బలు తిన్న స్త్రీ పోలీసు స్టేషనుకు పోయిన ఆమె మాట వినుటకు తెలిసిన మనిషి యుండవలెనని, 1984లో ముంబయి పోలీసు కమిషనరు కార్యాలయముననే స్త్రీలకును పిల్లలకును ప్రత్యేక విభాగము నేర్పరచిరి. మావారి బడిగోడమీద వ్రాసియున్న 1098 అను పిల్లల సహాయపు ఫోను సంఖ్యయు, ఈ సంస్థలో బోధించిన జెరూ బిల్లిమోరియా గారి పూనికతో 1996లో ఇచటనే ఆరంభమైనది.

తిరుగుబండిలో అమ్మాయి తన దరఖాస్తు వ్యాసమును బయటికి తీసినది. ఈ చదువు ఎందుకు కోరుచున్నావో తెలుపుమని వ్రాయించు వ్యాసమది. ఇంట వ్రాసిన ప్రతిలో 'దీనజనుల కన్నీరు తుడుచుటయే నా జీవితాశయము' అని యుండెను. దానిని మడచి పెట్టి క్రొత్తగా వ్రాసినది. తమ వీధిలో పనిచేయునామె కూతురు ఏడవ తరగతిలో బడి మానగా, తాను మూడు నెలలు పాఠము చెప్పినదట. ఆ పిల్ల ఒకనాడు రాక మానినదట. తల్లికి ఆసుపత్రిలో రాత్రిపని, చంటి తమ్ముని చూచువారు లేరు. 'నేను పాఠము చెప్పితినిగాని, రాకపోవుటకు కారణ మడుగలేదు. ఎట్లడుగవలెనో, తెలిసిన పిమ్మట ఏమి చేయవలెనో నేర్చుకొనుటకు రాదలచితిని' అని ముగించినది.

ఇంటికి వచ్చి అన్నగారి యెదుట దానిని చదివించితిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఆ పిల్ల మన లక్ష్మి కూతురేనా?" అని యడిగిరి. అవుననగా, "రెండేండ్లకు రుసుమెంతయో కనుగొనుడు" అని లేచిపోయిరి. సంబంధమువారికి ఆ రాత్రియే ఉత్తరము వ్రాసిరి. వారు వేచియుందురో లేదో తెలియదు. దరఖాస్తు మాత్రము పంపితిమి.

ఇక ఈ చదువు కోరు పిల్లలుగల తల్లులు తెలిసికొనవలసిన సంగతులు. ఏ విషయమున డిగ్రీ పొందినవారైనను దీనికి దరఖాస్తు పెట్టవచ్చును. చదువు రెండేండ్లు. పూర్వము టాటా సంస్థ తన పరీక్షను తానే జరుపుకొనెడిది. 2023లో కేంద్రప్రభుత్వపు సార్వత్రిక ప్రవేశపరీక్షను స్వీకరించినది. నియమములు మారుచుండును గావున ఆయా సంవత్సరపు ప్రకటనను స్వయముగ చదువవలెను. పరులమాటపై ఆధారపడి గడువు పోగొట్టుకొనగూడదు. ముఖాముఖి ప్రశ్నలకు గ్రంథములనుండి వల్లించిన మాటలు పనికిరావు. చూచినదానిని, చేసినదానిని ఉన్నదున్నట్లు చెప్పుట మేలు. రుసుము, వసతి, విద్యార్థివేతనము ముందే విచారింపవలెను. ముంబయిలో పనిచేయుటకు హిందీ మాటలాడుట కొంత అలవరచుకొనవలెను.

అంతదూరము పంపలేనివారు నిరాశ చెందనక్కఱలేదు. టాటా సంస్థకు హైదరాబాదులోనే శాఖ కలదు. అదే నగరమున రోడా మిస్త్రీ సంఘసేవా కళాశాలయు, ఉస్మానియా విశ్వవిద్యాలయమును. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తును. తిరుపతిలో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమును ఈ విద్యను బోధించుచున్నవి. ఈ పని మన స్త్రీలకు క్రొత్తయు గాదు. బాల్యవివాహమును కాదని, స్వయంకృషితో చదువుకొన్న దుర్గాబాయి గారు 1937లో మద్రాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించిరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి.

సోదరీమణులారా! మీ యింటి పిల్ల ఈ కోరిక వెలిబుచ్చినప్పుడు 'ఊరి బాధ నీకేల' యని నోరు మూయింపకుడు. వెంటనే సరేయనియు అనకుడు. ఏమి చూచితివి, ఏమి చేసితివి, ఏమి చేయలేకపోయితివి అని ముందు మీరే యడుగుడు. ఆమె జవాబులో ఒక పేరు, ఒక వీధి, ఒక యిల్లు కనబడినచో ఆమెను నమ్మి పంపుడు.