టీవీ వెనక పదిహేను రోజులు

2024 నవంబర్ 3, ఆదివారం

దీపావళికి కొన్న ప్లేస్టేషన్ 5 నాలుగు రోజులుగా హాల్లో ఆడుతోంది. బొమ్మ చూస్తే కళ్లు తిప్పుకోలేం. శబ్దం మాత్రం టీవీ అడుగునున్న రెండు చిన్న స్పీకర్లలోంచి, రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు వస్తోంది. ఆ పక్కనే 2009లో కొన్న రిసీవర్, ఐదు స్పీకర్లు, ఒక సబ్ ఊఫర్ దుప్పటి కప్పుకుని ఉన్నాయి. కొత్త టీవీ వచ్చిన రోజు విప్పినవి మళ్లీ తగిలించలేదు.

అమ్మ గొడవ వేరు. ఎడమ చెవి తగ్గినప్పటి నుంచి సీరియల్లో మాటలు అందడం లేదంటోంది. సౌండు పెంచితే వెనకాల సంగీతం పెరుగుతుంది, మాట మాత్రం పైకి రాదు. "అరుస్తున్నారు గానీ ఏమంటున్నారో తెలీట్లేదురా" అంది ఇవాళ పొద్దున. పిల్లాడి ఆట కోసమైతే వచ్చే నెలకి వాయిదా వేసేవాణ్ణి. ఆ మాట విన్నాక దుప్పటి తీశాను.

నవంబర్ 4, సోమవారం

టార్చిలైటు పట్టుకుని అన్నిటి వెనక్కీ వెళ్లి చూశాను. ఏ పెట్టెకి ఏ పోర్టులున్నాయో కాగితం మీద రాసుకోకుండా ఒక్క వైరు కూడా కదపకూడదని నా నమ్మకం.

రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ 1.3. బొమ్మ 1080 వరకే పోనిస్తుంది. టీవీ శబ్దాన్ని అదే హెచ్‌డీఎంఐ వైరులో వెనక్కి రప్పించే ఏఆర్‌సీ లేదు. ఆ సౌకర్యం 2009లో 1.4తో వచ్చింది, మాది అంతకు ముందు తయారైన మోడల్. ఆప్టికల్ ఇన్‌పుట్లు రెండున్నాయి. ప్లేస్టేషన్ 5కి ఆప్టికల్ పోర్టే లేదు. పాత ప్లేస్టేషన్ 4కి ఉండేది, స్లిమ్ రకంలో తీసేశారు, ఇందులోనూ పెట్టలేదు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లలోనూ లేదు. ఇంట్లో మంచి పాత రిసీవర్ ఉన్నవాళ్లకి ఇది అన్యాయం. పదిహేనేళ్లు పనిచేసే యంత్రాన్ని ఒక చిన్న రంధ్రం లేకపోవడం మూలపడేస్తుంది.

టీవీ వెనక ఆప్టికల్ అవుట్ ఉంది. దారి దొరికింది: ఆట పెట్టె టీవీకి, టీవీ నుంచి ఆప్టికల్ మీద రిసీవర్‌కి.

నవంబర్ 6, బుధవారం

పాత ఆప్టికల్ వైరు పెట్టాను. శబ్దం వచ్చింది. వెనక స్పీకర్లలో మాత్రం చప్పుడు లేదు. రిసీవర్ ముఖం మీద 'పీసీఎం' అని వెలుగుతోంది. ఆప్టికల్‌లో కుదించని పీసీఎం అంటే రెండే చానెళ్లు వస్తున్నాయన్నమాట.

మావాడు ప్లేస్టేషన్ సెట్టింగుల్లోకి వెళ్లాడు. అక్కడ శబ్దం రకం 'లీనియర్ పీసీఎం' అని ఉంది. దాన్ని 'బిట్‌స్ట్రీమ్ డాల్బీ' చేశాడు. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్‌ని 'పాస్ త్రూ' చేశాను. రిసీవర్ మీద 'డాల్బీ డిజిటల్' వెలిగింది. కార్ల ఆటలో వెనకనుంచి వచ్చే కారు నిజంగా మా వీపు వెనకనుంచి వచ్చింది. "నాన్నా, కుడి పక్కనుంచి దాటుతున్నాడు!" అని తెర చూడకుండానే అరిచాడు.

నవంబర్ 7, గురువారం

ఎందుకిలా అని వాడు అడిగితే లెక్క వేసి చూపించాను. సెకనుకి 48 వేల నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు. రెండు చానెళ్లకి సెకనుకి 15 లక్షల 36 వేల బిట్లు. ఐదు స్పీకర్లకీ సబ్ ఊఫర్‌కీ కలిపి ఆరు చానెళ్లు కుదించకుండా పంపాలంటే 46 లక్షల 8 వేలు. ఆప్టికల్ దారిని 1983లో తోషిబా తెచ్చింది సీడీ కాలానికి, రెండు చానెళ్ల కోసం. ఆరు చానెళ్ల పీసీఎం అందులో పట్టదు. డాల్బీ డిజిటల్ అదే ఆరు చానెళ్లని గరిష్ఠంగా 6 లక్షల 40 వేల బిట్లలోకి కుదిస్తుంది. అది సులువుగా పోతుంది. పెళ్లివారంతా ఒక్క ఆటోలో పట్టరు, సర్ది కూర్చోబెడితే ఆరుగురు పడతారు.

కుదిస్తే కొంత పోతుంది. మా హాల్లో, మా స్పీకర్లలో ఆ తేడా నా చెవికి తెలియలేదు.

నవంబర్ 9, శనివారం

కోఠి, గుజరాతీ గల్లీ. పాత ఆప్టికల్ వైరు మడత పడ్డచోట అప్పుడప్పుడు శబ్దం తెగుతోంది. లోపల పోయేది కరెంటు కాదు, వెలుతురు. మరీ వంచితే దారి తప్పుతుంది. కొస మీద ఎర్రటి వెలుగు కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే.

కొట్టు అతను రెండు వైర్లు చూపించాడు. ఒకటి మామూలుది, ఒకటి బంగారు పూతది, ఐదు రెట్ల ధర. వెలుతురు పోయే వైరుకి బంగారం దేనికి? మామూలుదే తీసుకున్నాను. డిజిటల్ వైరు మోస్తే మొత్తం మోస్తుంది, లేకపోతే తెగి తెగి వస్తుంది. డబ్బు పెట్టాల్సిన చోటు ఒకటే: కొత్త టీవీలో 4కె 120 ఆడేవాళ్లు 48 గిగాబిట్ల 'అల్ట్రా హై స్పీడ్' ముద్ర ఉన్న హెచ్‌డీఎంఐ చూసి కొనాలి. ప్లేస్టేషన్‌తో పాటు పెట్టెలో వచ్చేది ఆ రకమే. మళ్లీ కొననక్కర్లేదు.

స్పీకర్ వైరు పదిహేను మీటర్లు కూడా తీసుకున్నాను. ఎలక పాత వైరు కొరికిన సంగతి సోఫా జరిపితే తెలిసింది.

నవంబర్ 10, ఆదివారం

డల్లాస్‌లో ఉండే తమ్ముడు పోయినేడు తెచ్చిన నింటెండో స్విచ్ ఉంది. ఇక్కడ అధికారికంగా అమ్మరు కాబట్టి బయటినుంచే వస్తుంది. అడాప్టర్ 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది, మన సాకెట్‌కి పిన్ను మారిస్తే చాలు.

దీన్నీ టీవీకే పెట్టాం. సెట్టింగుల్లో 'సరౌండ్' పెట్టినా వెనక స్పీకర్లు మౌనం. పూట పోయింది. కారణం ఏమిటంటే స్విచ్‌కి డాల్బీలో కుదించి పంపడం రాదు. ఆరు చానెళ్లూ విప్పిన పీసీఎంగానే ఇస్తుంది. టీవీ దాన్ని ఆప్టికల్‌లో పట్టేలా రెండు చేసేస్తోంది.

వాడే కనిపెట్టాడు: "నాన్నా, స్విచ్ 1080 దాటదు కదా, మన పాత రిసీవర్‌కి అది చాలు కదా?" డాక్ నుంచి హెచ్‌డీఎంఐ నేరుగా రిసీవర్‌కి, రిసీవర్ నుంచి టీవీకి. ఐదు స్పీకర్లూ మోగాయి. పాతదనుకున్న రిసీవర్ కొత్త టీవీ మోయలేని బరువు మోసింది. పన్నెండేళ్ల పిల్లాడు చెప్పిన ఈ సూత్రమే నేను అందరికీ చెబుతున్నాను: 4కె పెట్టె టీవీకి, 1080 పెట్టె రిసీవర్‌కి.

నవంబర్ 12, మంగళవారం

క్రికెట్ ఆటలో బ్యాటు తగిలిన చప్పుడు కాస్త వెనకబడుతోంది. ఆట పెట్టె అప్పటికప్పుడు డాల్బీలోకి కుదించడానికి, రిసీవర్ విప్పడానికి పట్టే వ్యవధి అది. టీవీలో, రిసీవర్లో ఎప్పుడో పెట్టిన ఆడియో డిలే రెండూ సున్నా చేస్తే చాలా వరకు సర్దుకుంది. మిగిలింది వాడికి అలవాటైంది.

నవంబర్ 13, బుధవారం

పై ఫ్లాట్ మాస్టారు పిలిచారు. కొత్త సౌండ్‌బార్ మూగబోయిందట. హెచ్‌డీఎంఐ ఒకటో నంబరులో పెట్టారు. టీవీలో ఏఆర్‌సీ అని రాసిన పోర్టు ఒక్కటే ఉంటుంది, వారిది మూడోది. మార్చి, సెట్టింగుల్లో టీవీ, సౌండ్‌బార్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సీఈసీ ఆన్ చేస్తే పలికింది. దాన్ని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది, ఎల్‌జీలో సింప్‌లింక్, శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్. రెండు నిమిషాల పని. కాఫీకి గంట.

నవంబర్ 15, శుక్రవారం, కార్తీక పౌర్ణమి

ఈ రోజంతా అమ్మ కోసం.

సెట్‌టాప్ బాక్సు టీవీకే ఉంది. ఆమె చూసే చానెళ్లు దాదాపు అన్నీ స్టీరియోనే ఇస్తాయి, ఆప్టికల్‌లో నష్టపోయేదేమీ లేదు. కానీ రెండు పక్కల స్పీకర్లలోనే వస్తే మాట, తంబూరా, తబలా అన్నీ కలిసిపోతాయి. రిసీవర్లో ప్రో లాజిక్ 2 పెట్టాను. రెండు చానెళ్లలోనూ సమానంగా ఉన్నదాన్ని వేరుచేసి మధ్య స్పీకర్‌కి పంపుతుంది. ఎక్కువసార్లు అలా సమానంగా ఉండేది మనిషి గొంతే.

అయినా మాట ముద్దగానే ఉంది. తప్పు నాది. మధ్య స్పీకర్‌ని టీవీ బల్ల అరలో లోపలికి తోసి పెట్టాను. అరే మోగుతోంది, మాట కాదు. అంచు దాకా ముందుకి లాగి, కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి ముఖం ఆమె కుర్చీ ఎత్తుకి లేపాను. మధ్య స్పీకర్ మట్టం మూడు డెసిబెళ్లు పెంచాను. సాయంత్రం దీపాలు పెట్టి వచ్చి కూర్చుంది. ప్రవచనం వస్తోంది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఈయన గొంతు ఇంత బావుంటుందని తెలీదురా" అంది.

సరౌండ్ అనగానే వెనక స్పీకర్లు, నెత్తిమీద స్పీకర్లు అంటారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు డబ్బు, ముందు శ్రద్ధ మధ్య స్పీకర్ మీదే పెట్టండి.

నవంబర్ 17, ఆదివారం

టేపు పట్టి కొలిచాం. సోఫా నుంచి ముందు స్పీకర్లు మూడేసి మీటర్లు, మధ్యది రెండు మీటర్ల ఎనభై, వెనకవి మీటరున్నర. శబ్దం మీటరు దూరం రావడానికి సుమారు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. దూరాలు చెబితే దగ్గరి స్పీకర్లని రిసీవర్ ఆపి ఆపి వదులుతుంది, అన్నీ ఒక్కసారి చెవికి చేరేలా. వెనకవి వీపు వెనక గోడకి కాకుండా కూర్చున్నవాళ్ల పక్కకి, కొంచెం వెనకగా, 110 డిగ్రీల దగ్గర పెట్టాలి. మా సోఫా గోడకి ఆనుకుని ఉండేది, రెండడుగులు ముందుకి జరిపాం.

ఏ వైరు ఎటు పోతుందో తెలుగులో రాసి బల్ల వెనక అంటించాను. అమ్మ రిసీవర్ ఇన్‌పుట్ మార్చనక్కర్లేదు, ఎప్పుడూ ఆప్టికల్ ఒకటే. స్విచ్ ఆడినవాడే ఆట అయ్యాక వెనక్కి మార్చాలని ఒప్పందం.

రిసీవర్ తగిలించిన మొదటి రోజుల్లో అమ్మ సీరియల్‌కి వాల్యూం 46 దగ్గర ఉండేది. ఈ రాత్రి 38లో వింటోంది.